గడ్డలోని నెత్తురుదారులు: తెంచాలా, బాగుచేయాలా?

పెద్దపేగు క్యాన్సర్ కాలేయం దాకా పాకినవారికి కీమోతో పాటు బెవాసిజుమాబ్ ఎక్కించడం ఇరవై ఏళ్లుగా మామూలైపోయింది. గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపడానికి తయారుచేసిన మందు అది. మరి కీమో గడ్డను చేరాల్సింది కూడా ఆ రక్తనాళాల గుండానే కదా! ఒక చేత్తో దారి మూస్తూ, రెండో చేత్తో అదే దారిన మందు పంపడం ఏ లెక్కన చూసినా పొసగదు. అయినా పనిచేసింది. 2004లో ఈ మందుకు అమెరికాలో అనుమతి తెచ్చిపెట్టిన పరీక్షలో, కీమో ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 15.6 నెలలైతే, బెవాసిజుమాబ్ కలిపి తీసుకున్నవారిది 20.3 నెలలు. ఒక విడత వైద్యం విఫలమైనవారి మీద ఆ తర్వాత జరిగిన మరో పరీక్షలో బెవాసిజుమాబ్‌ను ఒంటరిగా కూడా ఇచ్చి చూశారు. దానితో 10.2 నెలలు, కీమోతో 10.8, రెండూ కలిస్తే 12.9. తనంతట తాను కీమోను మించలేని మందు, కీమో పక్కన చేరగానే దాని బలం పెంచుతోంది.

ఈ లెక్క తేలకుండా రక్తనాళాల మందుల గురించీ, ఇప్పుడు వాటితో జతకడుతున్న ఇమ్యూనోథెరపీ గురించీ ఏం మాట్లాడినా సగం మాటే అవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇతర మందులతో జతగా ఈ మందులు మేలు చేసిన చోట, గడ్డను మాడ్చడం కన్నా దానిలోని నాళాలను కొంతకాలం చక్కబరచడమే ఎక్కువగా పనిచేసిందని నమ్మడానికి బలమైన ఆధారాలున్నాయి. కానీ మోతాదులు మాత్రం ఇప్పటికీ మాడ్చే లెక్కలోనే సాగుతున్నాయి.

మాడ్చాలన్న ఆలోచన జూడా ఫోక్‌మన్‌ది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సర్జన్‌గా పేరు తెచ్చుకోకముందు, 1960ల మొదట్లో ఆయన అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేశారు. ఒంట్లోంచి తీసి గాజుపాత్రలో బతికించి ఉంచిన థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ కణాలు వేస్తే, అవి ఆవగింజంత పెరిగి ఆగిపోయాయి. అవే కణాలను ఎలుకలోకి మార్చగానే అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి. ఎలుకలో ఉన్నదీ గాజుపాత్రలో లేనిదీ ఒక్కటే, కొత్త రక్తనాళాలు. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటాలంటే గడ్డ తనకంటూ నాళాలు పుట్టించుకోవాల్సిందేనని, వాటిని ఆపితే గడ్డ ఆగుతుందని ఆయన 1971లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. తోటివారిలో చాలామంది చాన్నాళ్లు నమ్మలేదు. 1983లో హెరాల్డ్ డ్వొరాక్ గడ్డలనుంచి నాళాలను కారేలా చేసే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 1989లో జెనెన్‌టెక్ కంపెనీలో నెపోలియోనె ఫెరారా నాళాలను మొలిపించే ప్రొటీన్‌ను వేరుచేశారు. తీరా చూస్తే రెండూ ఒకటే: వీఈజీఎఫ్. బెవాసిజుమాబ్ దాన్ని పట్టి బంధించే యాంటీబాడీ.

మధ్యలో 1998 మే నెలలో ఒక తమాషా జరిగింది. ఫోక్‌మన్ ప్రయోగశాలలో రెండు ప్రొటీన్లు ఎలుకల్లో గడ్డలను కరిగించాయన్న వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది. మర్నాడు వాటి హక్కులున్న చిన్న కంపెనీ షేరు ఒక్కసారిగా ఆకాశానికి ఎగబాకింది. ఆసుపత్రి ఫోన్లు మోగిపోయాయి. అమెరికాలో ఆ ప్రొటీన్లు మందులుగా నిలబడలేదు. ఎలుకకు నయమైందన్న వార్తను మనిషికి నయమైనట్టు చదివే అలవాటు మన పత్రికలకూ, వాట్సాప్ గ్రూపులకూ ఇంకా పోలేదు.

అసలు గడ్డలోని నాళం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తేగాని తర్వాతి కథ అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో కేశనాళిక గోడ కణాలు అంచుకు అంచు కలిపి అతుక్కుని ఉంటాయి. బయటినుంచి పెరిసైట్లనే కణాలు వాటిని కౌగిలించుకుని పట్టుంచుతాయి. గడ్డలో వీఈజీఎఫ్ ఆగకుండా కురుస్తుంది కాబట్టి నాళాలు హడావుడిగా, వంకర్లు పోతూ, కొన్నిచోట్ల ఉబ్బి కొన్నిచోట్ల గుడ్డిసందుల్లా ముగుస్తూ పెరుగుతాయి. పెరిసైట్లు సరిగా అంటుకోవు, గోడ నిండా సందులే. అడుగడుగునా గండ్లు పడిన కాలువ కింద తలాపు పొలాలు మునిగి, శివారు భూములు ఎండినట్టే ఉంటుంది గడ్డ లోపలి పరిస్థితి. నాళాలకు లోటు లేదు, నెత్తురు మాత్రం చేరాల్సిన చోటికి చేరదు. కారిన ద్రవాన్ని తోడిపోయాల్సిన శోషరస నాళాలు గడ్డ నడుమ నలిగిపోయి ఉంటాయి. అందువల్ల లోపల ద్రవపు ఒత్తిడి పెరుగుతుంది. నాళంలో ఎంత ఒత్తిడి ఉందో బయట కూడా దాదాపు అంతే ఉన్నప్పుడు మందు నాళం దాటి కణాల మధ్యకు వెళ్లడానికి తోసే బలమే ఉండదు.

ఎండిన శివారును మొదట కళ్లారా చూసినవారు రేడియేషన్ శాస్త్రజ్ఞులు. 1955లో థామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు బ్రిటన్‌లో ఊపిరితిత్తుల గడ్డల పలచని ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచారు. నాళాల నుంచి మిల్లీమీటరులో ఐదోవంతు కూడా లేని దూరంలోనే కణాలు ఆక్సిజన్ అందక చచ్చిపడి ఉన్నాయి. పూర్తిగా చావకుండా ఆ అంచున ఊపిరాడక కొట్టుకుంటున్న కణాలే అసలు ప్రమాదం. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే దాదాపు మూడు రెట్లు రేడియేషన్ కావాలి. పైగా ఊపిరాడని కణం హెచ్ఐఎఫ్ అనే అత్యవసర వ్యవస్థను మేల్కొలిపి మరింత వీఈజీఎఫ్‌ను వదులుతుంది. ఈ వ్యవస్థ గుట్టు విప్పిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకే 2019 నోబెల్ దక్కింది.

ఇక్కడే రాకేశ్ జైన్ కథలోకి వస్తారు. 1972లో కాన్పూర్ ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లినాయన. డాక్టరు కాడు కాబట్టి గడ్డను గొట్టాలు, పంపులు, ఒత్తిళ్ల లెక్కతో చూశాడు. నాళాల మందు కొద్దిగా ఇస్తే ముందు పోయేవి బలహీనమైన నాళాలు, మిగిలినవాటి చుట్టూ పెరిసైట్లు చేరి గోడలు గట్టిపడతాయి, ఒత్తిడి తగ్గుతుంది, నెత్తురు కొన్నాళ్లపాటు సాఫీగా పారుతుంది. కీమోకు ఇలాంటి మందులు తోడ్పడేది ఇందువల్లే కావచ్చునని ఆయన 2001లో వాదించాడు. కొద్దిరోజుల ఈ మంచి కాలానికి ‘కిటికీ’ అన్న పేరు స్థిరపడింది. మోతాదు పెరిగితే, లేదా రోజులు ఎక్కువైతే, మంచి నాళాలు కూడా పోయి మళ్లీ ఎండుదల మొదలవుతుంది.

2004లో బోస్టన్ వైద్యులు ఆరుగురు మలాశయ క్యాన్సర్ రోగుల్లో దీన్ని నేరుగా చూశారు. ఒక్క డోసు బెవాసిజుమాబ్ ఎక్కించి, పన్నెండు రోజుల తర్వాత గడ్డలో సూది పెట్టి ఒత్తిడి కొలిచారు, ముక్క తీసి నాళాలు లెక్కపెట్టారు, స్కాన్లు తీశారు. నాళాలు తగ్గాయి, రక్తప్రవాహం తగ్గింది, ఒత్తిడీ తగ్గింది. కానీ పెట్ స్కాన్‌లో గడ్డ గ్లూకోజును పీల్చడం తగ్గలేదు. తక్కువ నాళాలతోనే పాత సరఫరా అందుతోందంటే మిగిలిన నాళాలు మునుపటికన్నా మెరుగ్గా పనిచేస్తున్నాయన్నమాట. ఆరుగురంటే చాలా తక్కువ మందే. అయినా వందలమందితో చేసి ఎవరు ఎన్ని నెలలు బతికారో మాత్రమే చెప్పిన పరీక్షలకన్నా ఈ చిన్న అధ్యయనం నేర్పింది ఎక్కువని నాకనిపిస్తుంది.

2007లో మెదడు గడ్డల్లో సెడిరానిబ్ అనే బిళ్లతో ఇదే తరహా మార్పు ఎమ్మారై స్కాన్‌లో కనిపించింది. నాళాల వాపు తగ్గి, దాదాపు నెలరోజులు అలాగే ఉంది. ఎవరి గడ్డలో రక్తప్రసారం మెరుగుపడిందో వారే మిగతావారికన్నా ఎక్కువకాలం బతికారని తర్వాత తేలింది. అందరికీ కలిపి లెక్కగడితే మాత్రం ఈ మందులు మెదడు గడ్డల్లో ఆయుష్షు పెంచలేకపోయాయి. స్కాన్‌లో వాపు తగ్గి గడ్డ చిన్నగా కనిపించడం వేరు, రోగి బతకడం వేరు. రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇలాగే జరిగింది. 2008లో బెవాసిజుమాబ్‌కు ఇచ్చిన అనుమతిని ఎఫ్‌డీఏ 2011లో వెనక్కి తీసుకుంది. 2009లో రెండు ప్రయోగశాలలు ఎలుకల్లో ఇంకా కలవరపరిచే సంగతి చూశాయి. నాళాలను గట్టిగా నరికేస్తే కొన్ని గడ్డలు ఊపిరాడక పక్క కణజాలంలోకి మరింత చొచ్చుకుపోయాయి. కొత్త నాళాలే పుట్టించుకోకుండా కాలేయంలో ఉన్న నాళాల వెంట పాకే గడ్డలూ ఉన్నాయి. వాటిముందు ఈ మందులకు చేయడానికి పనేముంటుంది?

నాళాలు కారడం ఒక్కటే జబ్బు కాదు, కొన్ని నలిగి మూసుకుపోతాయి కూడా. క్లోమం గడ్డలో చుట్టూ పేరుకున్న పీచు నాళాలను నొక్కేస్తుంది. బీపీకి ఇంటింటా వాడే లోసార్టాన్ ఆ పీచును సడలించి నాళాలను తెరుస్తుందని జైన్ బృందం ఎలుకల్లో చూపింది. బోస్టన్‌లో 49 మంది రోగుల్లో కీమోతో కలిపి వాడినప్పుడు ఆపరేషన్‌కు వీలైనవారి సంఖ్య ఆశాజనకంగా కనిపించింది. పోల్చడానికి రెండో గుంపు లేని పరీక్ష కాబట్టి దాన్ని ఆశ అనే అనాలి, రుజువు అనకూడదు. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఉన్న బీపీ బిళ్ల అందుకోవద్దు.

ఇంతవరకూ కీమో సంగతి. రోగనిరోధక కణాల దగ్గరికొస్తే నాళాల ప్రశ్న మరింత పదునెక్కుతుంది. కీమో మందు ప్రాణం లేని అణువు, సందు దొరికితే కారిపోయైనా వెళ్తుంది. టి-కణం అలా వెళ్లలేదు. నెత్తురులో పరుగెడుతున్న టి-కణం ముందు నాళం గోడకు తగులుతూ దొర్లాలి, వేగం తగ్గాలి. గోడ మీద ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే కొక్కేలు దొరికితే పట్టుకుని నిలబడాలి. తర్వాత చదునుగా పరుచుకుని, రెండు గోడకణాల మధ్యనుంచి ఒళ్లు నొక్కుకుంటూ బయటపడాలి. గడ్డలో వీఈజీఎఫ్ ఆ కొక్కేలనే మాయం చేస్తుంది. అవి లేని గోడమీద టి-కణం జారిపోతుంది. కొన్ని గడ్డల్లో గోడకణాలు ఫాస్ లైగాండ్ అనే చావుసంకేతాన్ని బయటికి చాపుతాయి. పట్టుకోవడానికొచ్చిన టి-కణమే చస్తుంది, రోగనిరోధకాన్ని అణచే టి-కణాలు మాత్రం సురక్షితంగా దాటిపోతాయి.

అదొక్కటే కాదు. శత్రువు ఎవరో టి-కణాలకు చూపించాల్సిన డెండ్రిటిక్ కణాలను వీఈజీఎఫ్ ఎదగనివ్వదని 1996లోనే తెలిసింది. ఊపిరాడని ప్రాంతాలు అణచివేత కణాలను రమ్మని పిలుస్తాయి, మాక్రోఫేజ్‌లను గడ్డ వైపు తిప్పుకుంటాయి, పీడీ-ఎల్1ను పెంచుతాయి. అంటే టి-కణాల బ్రేకు మీద కాలు పెట్టే ప్రొటీన్ కూడా ఈ నాళాల లోపం నుంచే బలం పుంజుకుంటోంది. సీటీఎల్ఏ-4, పీడీ-1 అనే బ్రేకుల సంగతి తేల్చిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. వారి పని మీద వచ్చిన మందులు కొందరిలో అద్భుతం చేస్తాయి, ఎక్కువమందిలో ఏమీ చేయవు. బ్రేకు తీసినా బండి గడ్డలోకే రాకపోతే ఉపయోగమేముంది? అండాశయ క్యాన్సర్ రోగుల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, గడ్డలోపల టి-కణాలున్నవారిలో అయిదేళ్లు బతికినవారు 38 శాతం, లేనివారిలో 4.5 శాతమే. టి-కణాలు లేని గడ్డల్లో వీఈజీఎఫ్ ఎక్కువగా ఉంది. రోగి టి-కణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స రక్త క్యాన్సర్లలో గెలిచి, 2023లో మన దేశంలోనే తయారైన నెక్స్‌కార్19 దాకా వచ్చినా, గట్టి గడ్డల ముందు ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ గోడ ఒకటి.

2012లో జైన్ బృందం రొమ్ము గడ్డలున్న ఎలుకల్లో టీకాకు తోడుగా నాళాల యాంటీబాడీని రెండు మోతాదుల్లో వాడింది. పూర్తి మోతాదు నాళాలను నరికేసింది. నాలుగోవంతు మోతాదు వాటిని చక్కబరచింది, టి-కణాలు లోపలికి వెళ్లాయి, టీకా బలం పెరిగింది. 2017లో మరో బృందం దీన్ని తిరగేసి చూపింది. సీడీ4 టి-కణాలు లేకపోతే గడ్డ నాళాలు ఇంకా చెడిపోతాయి, ఆ కణాలను ఉసిగొల్పితే నాళాలు బాగుపడతాయి. నాళం బాగుపడితే టి-కణం వస్తుంది, వచ్చిన టి-కణం నాళాన్ని ఇంకా బాగుచేస్తుంది. ఈ చక్రం ఒకసారి సరైన దిక్కున తిరగడం మొదలుపెడితే చాలన్నదే ఇవాళ జంట మందుల వెనకున్న ఆశ.

మనుషుల్లో ఆ ఆశ బాగా ఫలించింది కాలేయ క్యాన్సర్‌లో. 501 మంది పాల్గొన్న ఐఎంబ్రేవ్150 పరీక్షలో పీడీ-ఎల్1ను అడ్డుకునే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి తీసుకున్నవారిలో ఏడాదికి 67.2 శాతం మంది బతికి ఉన్నారు, పాత నాళాల మందు సొరాఫెనిబ్ తీసుకున్నవారిలో 54.6 శాతం. తర్వాత మధ్యస్థ ఆయుష్షు 19.2 నెలలు, 13.4 నెలలుగా తేలింది. గర్భాశయ క్యాన్సర్‌లో నాళాల మందు లెన్వాటినిబ్, పీడీ-1 మందు పెంబ్రోలిజుమాబ్ జంటకు 18.3 నెలలు, కీమోకు 11.4. కిడ్నీ క్యాన్సర్‌లో అలాంటి జంటలు నాలుగైదు ఇప్పుడు మొదటి వైద్యమే.

చప్పట్లు కొట్టేముందు ఈ పరీక్షలను ఎలా కట్టారో చూడాలి. కిడ్నీ పరీక్షల్లో జంటను పోల్చింది సునిటినిబ్‌తో, అంటే పాత నాళాల మందుతో. ఇమ్యూనోథెరపీ ఒక్కటే ఇస్తే ఎంత, నాళాల మందు చేరాక ఎంత అన్నది వాటిలో తేలదు. పైగా కిడ్నీ గడ్డల్లో వీహెచ్ఎల్ జన్యువు చెడి వీఈజీఎఫ్ పొంగిపొర్లుతుంది కాబట్టి అక్కడ నాళాలను మాడ్చడం కూడా నేరుగా పనిచేస్తుంది. ఒక రోగికి ఒక మందు, మరో రోగికి రెండో మందు పనిచేసినా సగటు లెక్కలో జంట గెలిచినట్టే కనిపిస్తుందని, చాలా జంటల విజయానికి ఇంతకుమించిన వివరణ అక్కర్లేదని పామర్, సోర్గర్ 2017లో చూపించారు. ఒకదానికొకటి నిజంగా తోడ్పడ్డాయనడానికి వేరే రుజువు కావాలి. కాలేయంలో ఆ రుజువు కొంత ఉంది. ముందుగా జరిగిన చిన్న పరీక్షలో అటెజోలిజుమాబ్ ఒక్కటే అయితే జబ్బు ముదరకుండా 3.4 నెలలు ఆగింది, బెవాసిజుమాబ్ కలిస్తే 5.6. చైనాలో పీడీ-1నూ, వీఈజీఎఫ్‌నూ ఒకే అణువుతో పట్టే ఐవోనెస్కిమాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పెంబ్రోలిజుమాబ్‌తో ముఖాముఖి పెట్టినప్పుడు 2024లో వచ్చిన ఫలితం ఇంకా గట్టిది: జబ్బు ముదరకుండా 11.1 నెలలు, 5.8 నెలలు. అయితే ఆ రోగులంతా ఒకే దేశంవారు, పైగా జబ్బు ఆగిన కాలానికీ ఆయుష్షుకీ ఉన్న దూరం బెవాసిజుమాబ్ కథలోనే చూశాం.

ఓడినవి కూడా తక్కువేం కాదు. ఇమ్యూనోథెరపీ ఒకసారి విఫలమయ్యాక కిడ్నీ రోగులకు కాబొజాంటినిబ్ అనే నాళాల మందుతో కలిపి అటెజోలిజుమాబ్ మళ్లీ ఇస్తే లాభం రాలేదు. కాలేయంలో లెన్వాటినిబ్‌కు పెంబ్రోలిజుమాబ్ చేర్చినా ఆయుష్షులో తేడా లెక్కకు నిలబడలేదు. వీటిలో ఎక్కువ పరీక్షలు నాళాల మందును గరిష్ఠ మోతాదులో, జబ్బు ముదిరేదాకా ఆపకుండా ఇచ్చాయి. ఎలుకల్లో కిటికీ తెరిచింది తక్కువ మోతాదు కదా, మనుషుల్లో దాన్ని వెతికిందెవరు? 2003లో పెద్దపేగు క్యాన్సర్‌లో 104 మందితో జరిగిన తొలి పరీక్షలో కిలోకు 5 మిల్లీగ్రాములు తీసుకున్నవారు 21.5 నెలలు బతికితే, 10 తీసుకున్నవారు 16.1 నెలలే బతికారు. గుంపులు చిన్నవి కాబట్టి దాన్నే తీర్పు అనలేం. కానీ అంత స్పష్టమైన సూచన తర్వాత కూడా కాలేయ పరీక్షకు ఎంచుకున్నది మూడు వారాలకోసారి 15 మిల్లీగ్రాములు. తక్కువ మందు అమ్ముడుపోయే పరీక్షకు డబ్బు పెట్టే కంపెనీ ఉండదు. ఇది విజ్ఞానశాస్త్రపు లోపం కాదు, ఖర్చు భరించేదెవరన్న ప్రశ్న.

డే కేర్ వార్డులో ఈ జంట మందుల వైద్యం ఎలా నడుస్తుందో చూస్తే మోతాదు ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. సీసా తగిలించేముందు నర్సు బీపీ చూస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయిస్తుంది, ఎందుకంటే కిడ్నీ వడపోత నాళాలకు కూడా వీఈజీఎఫ్ అవసరం. కాలేయ రోగికైతే ముందే ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉన్నాయేమో చూస్తారు, ఉంటే రక్తస్రావ ప్రమాదం. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందే బెవాసిజుమాబ్ ఆపాలి, లేకపోతే గాయం మానదు. ఇమ్యూనోథెరపీ వైపునుంచి థైరాయిడ్, పేగు, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. విరేచనాలు మొదలైతే ఏ మందు వల్లో చెప్పడం డాక్టరుకే కష్టం. యాక్సిటినిబ్ అనే నాళాల బిళ్ల వల్లయితే ఆపిన రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. రోగనిరోధకం పేగు మీద తిరగబడి వచ్చినవైతే తగ్గవు, స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి, ఆలస్యం చేయకూడదు.

మన దేశంలో మోతాదు ప్రశ్న ఖర్చు రూపంలో ముందుకొచ్చింది. బెవాసిజుమాబ్ సంగతి కొంత మెరుగు. హైదరాబాద్ కంపెనీలైన హెటిరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో బయోసిమిలర్లు తెచ్చాయి. ఇమ్యూనోథెరపీ మాత్రం పూర్తి మోతాదులో చాలా కుటుంబాలకు అందని మాటే. ముంబై టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం తల, మెడ క్యాన్సర్‌లో ఎంచుకున్న దారి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన పొగాకు, గుట్కా పెంచి పోషిస్తున్న క్యాన్సర్ ఇదే. రోజూ లేదా వారం వారం కొద్దికొద్దిగా బిళ్లల రూపంలో ఇచ్చే మెట్రోనమిక్ కీమోను అక్కడ చాలాకాలంగా వాడుతున్నారు. ఆ పద్ధతికి పునాది వేసినవాటిలో 2000లో ఫోక్‌మన్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఎలుకల అధ్యయనం ఒకటి. మూడు వారాలకోసారి భారీ డోసు ఇచ్చి వదిలేస్తే మధ్యలో నాళాల కణాలు కోలుకుంటాయి, ఎడతెగకుండా కొద్దిగా ఇస్తే కోలుకోలేవు. 422 మందితో జరిగిన పరీక్షలో మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ బిళ్లలు సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్‌ను మించాయి: మధ్యస్థ ఆయుష్షు 7.5 నెలలు, 6.1 నెలలు.

ఆ మెథోట్రెక్సేట్ తయారైంది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో, 1940లలో. దానికి అన్నలాంటి అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ మొదట ఇచ్చింది బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో, ఫోక్‌మన్ తర్వాత పనిచేసిన అదే ఆసుపత్రి.

మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ బిళ్లలకు ఎర్లోటినిబ్ కూడా చేర్చి, పైన పీడీ-1 మందు నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇస్తూ టాటా వైద్యులు మరో పరీక్ష చేశారు. మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240. 151 మందిలో, బిళ్లలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాదికి 16.3 శాతం మంది మిగిలితే, కొద్దిపాటి నివోలుమాబ్ కలిసినవారిలో 43.4 శాతం మిగిలారు. పీడీ-1ను కప్పేయడానికి అంత కొద్ది మందే చాలా, లేక అప్పటికే బిళ్లలు నాళాలను చక్కబరచి టి-కణాలకు దారి తెరిచి ఉంచాయా? ఆ పరీక్ష కొలవదలచింది ఆయుష్షును, నాళాల్లో ఏం జరిగిందో తెలుసుకోవడం దాని పని కాదు. బోస్టన్‌లో ఆ ఆరుగురికి చేసినట్టు పన్నెండో రోజున ఒత్తిడి కొలిచి, ముక్క తీసి, టి-కణాలు ఎన్ని లోపలికొచ్చాయో లెక్కపెడితే దీనికి జవాబు దొరుకుతుంది. నోటి గడ్డ కంటికి కనిపించేది, చేతికి అందేది. ముక్క తీయడానికి అంతకన్నా వీలైన క్యాన్సర్లు తక్కువ.